బిల్లు లేని చోట లెక్క ఎలా తేలుతుంది? క్యాసినో ఆడిట్ లోపలి సంగతులు

బట్టలు అమ్మినా, మందులు అమ్మినా, సినిమా టికెట్ అమ్మినా డబ్బు చేతులు మారగానే ఎక్కడో ఒకచోట ఒక కాగితమో, కంప్యూటర్‌లో ఒక ఎంట్రీయో పుడుతుంది. ఆడిటర్ ఆ కాగితాన్ని పట్టుకునే లోపలికి వెళతాడు. క్యాసినోలో ఆ కాగితమే ఉండదు. రూలెట్ టేబుల్ దగ్గర గంటలో చక్రం ముప్పై నలభై సార్లు తిరుగుతుంది, ప్రతిసారీ పదుల కొద్దీ పందేలు పడతాయి, కొన్ని ఆట నడిపే డీలర్ లాగేసుకుంటాడు, కొన్నింటికి తిరిగి చెల్లిస్తాడు. ఎవరెంత కాశారో, ఎవరికెంత పోయిందో ఎక్కడా రాయరు. రాయడం మొదలుపెడితే ఆట నడవదు. అంటే అసలు అమ్మకం జరిగే క్షణానికి ఈ వ్యాపారంలో రికార్డు లేదు. ఉన్నవల్లా నోట్లు, నోట్లతో సమానంగా చెల్లే చిప్స్ అనే ప్లాస్టిక్ బిళ్ళలు, వాటి చుట్టూ షిఫ్టుల్లో నిలబడే జీతగాళ్ళు.

ఈ ఒక్క సంగతి గుర్తుంటే మూడు తాళాలెందుకు, జేబుల్లేని బట్టలెందుకు, ఒక చిన్న చీటీకి నలుగురి సంతకాలెందుకు అన్నవి వాటంతటవే అర్థమవుతాయి. అవన్నీ ఆ లేని బిల్లుకు బదులుగా కట్టుకున్నవే. అయితే ఈ కట్టుదిట్టంలో ఒక వింత ఉంది. డబ్బు బయటికి పోకుండా ఆపమంటే ఇది బ్రహ్మాండంగా ఆపుతుంది. రాకూడని డబ్బు లోపలికి రాకుండా ఆపమంటే మాత్రం ప్రపంచంలో పేరున్న క్యాసినోల్లోనే పదేపదే చతికిలబడింది. కెమెరాలు అవే, మనుషులు వాళ్ళే, గుమాస్తాలు వాళ్ళే. మారేది ఆ డబ్బు పోతే ఎవరికి నష్టం అన్నదే.

టేబుల్ లెక్క

పందేల నుంచి గెలుపును లెక్కకట్టలేరు కాబట్టి వెనక నుంచి లెక్కకడతారు. షిఫ్టు మొదట్లో ట్రేలో ఎన్ని చిప్స్ ఉన్నాయి, చివర్లో ఎన్ని మిగిలాయి, మధ్యలో కేజ్ నుంచి ఎన్ని తెచ్చారు, ఎన్ని వెనక్కి పంపారు, టేబుల్ కింది పెట్టెలో నోట్లూ అప్పు చీటీలూ కలిపి ఎంత పడింది. ఈ ఐదు అంకెలుంటే చాలు. కేజ్ అంటే నగదు, చిప్స్ ఉంచే క్యాషియర్ల గది, ఊచల వెనక ఉండేది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఉదాహరణకి ట్రేలో 1,00,000 డాలర్ల చిప్స్‌తో టేబుల్ మొదలైంది, మధ్యలో 20,000 తెచ్చారు, 5,000 వెనక్కి పంపారు, చివరికి 67,000 మిగిలాయి అనుకుందాం. అంటే 48,000 డాలర్ల చిప్స్ ఆటగాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయాయి. పెట్టె తెరిస్తే 60,000 ఉంది. తేడా 12,000, టేబుల్ గెలుపు అదే.

ఇది స్కూలు పిల్లలు చేసే లెక్కే. కష్టమంతా ఆ ఐదు అంకెల్ని నమ్మొచ్చా లేదా అన్న దగ్గరే. కేజ్ నుంచి 20,000 తెచ్చినట్టు చీటీ రాసి నిజానికి 15,000 మాత్రమే తెచ్చారనుకోండి. చివర్లో 67,000 బదులు 62,000 మిగులుతాయి, గెలుపు 12,000 నుంచి 7,000కి దిగుతుంది, 5,000 ఎవరి జేబులోకో వెళుతుంది, కాగితాల మీద మాత్రం కూడికలూ తీసివేతలూ చక్కగా సరిపోతాయి. పైగా ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే టేబుల్‌కి ఆ రోజు కలిసిరాలేదని అనుకుంటారు. మామూలు షాపులో సరుకు పోతే స్టాక్‌లో తేడా కొడుతుంది. క్యాసినోలో దొంగతనం అదృష్టం వేషంలో వస్తుంది. ఈ రంగంలో ఆడిటర్‌కి అసలు తలనొప్పి ఇదే.

అందుకే ఐదు అంకెలూ ఒకే చేతి నుంచి రాకుండా చూస్తారు. టేబుల్‌కి చిప్స్ తెచ్చే పనిని ఫిల్ అంటారు. పిట్ అంటే కొన్ని టేబుళ్ళ గుంపు, దాని సూపర్‌వైజర్ అడుగుతాడు, కేజ్‌లో క్యాషియర్ చీటీ తయారుచేసి చిప్స్ తీస్తాడు, సెక్యూరిటీ మనిషి మోసుకొస్తాడు, డీలర్ వాటిని కెమెరాకు కనపడేలా టేబుల్ మీద పరిచి లెక్కపెడతాడు, సూపర్‌వైజర్ పక్కనే నిలబడి చూస్తాడు, నలుగురూ సంతకం పెడతారు. ఆ తర్వాత చీటీ నకలు ఒకటి టేబుల్ కింద తాళమేసిన పెట్టెలో పడిపోతుంది. కిటుకంతా ఈ చివరి మెట్టులోనే ఉంది. పెట్టెలో పడ్డాక ఆ నకలు ఫ్లోర్ మీద, అంటే ఆటల హాలులో, పనిచేసే ఎవరి చేతికీ అందదు. మర్నాడు రెవెన్యూ ఆడిట్ గుమాస్తా దాన్ని కేజ్ వైపు నుంచి వచ్చిన నకలుతో పక్కపక్కన పెట్టి చూస్తాడు. చీటీ నెంబర్లు వరుసగా ఉండాలి, ఒక్కటి కనపడకపోయినా జవాబు చెప్పాలి, తప్పు పడిన చీటీని చించేయడానికి కూడా వీల్లేదు, రద్దయిందని రాసి దాచాల్సిందే.

పెట్టె ప్రయాణం ఇంకా పకడ్బందీగా ఉంటుంది. టేబుల్ నుంచి పెట్టెను విడదీసే తాళంచెవి ఒకటి, పెట్టెల్ని ఉంచే అరకు ఇంకొకటి, పెట్టె తెరిచేందుకు మరొకటి. మూడూ ఒకే విభాగం దగ్గర ఉండకూడదు, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగిచ్చారో రాసి ఉండాలి. లెక్కింపు గదిలో కనీసం ముగ్గురు ఉంటారు, జేబుల్లేని దుస్తులు వేసుకుంటారు, చాలాచోట్ల బల్ల కూడా లోపల ఏమీ దాగకుండా పారదర్శకంగా ఉంటుంది. ఒక్కో పెట్టె కుమ్మరించాక ఖాళీ పెట్టెను కెమెరాకీ పక్కవాడికీ చూపించాలి, నోట్ల దగ్గర నుంచి చెయ్యి తీసేముందు అరచేతులు రెండువైపులా తిప్పి చూపించాలి. లెక్కింపు పూర్తయ్యాక ఆ డబ్బును తీసుకునే కేజ్ మనిషికి మొత్తం ఎంతో ముందు చెప్పరు. అతను తనంతట తాను లెక్కపెట్టి అంకె చెప్పాకే రెండూ సరిచూస్తారు. ముందే చెప్తే అతను లెక్కపెట్టడు, తల ఊపి సంతకం పెట్టేస్తాడు. మనుషుల్ని బాగా ఎరిగినవాళ్ళు పెట్టిన నియమం ఇది.

తూకంలో మోసం

ఈ నియమాలేవీ ఎవరో ఆఫీసులో కూర్చుని ఊహించి రాసినవి కావు. ప్రతిదాని వెనకా పోయిన సొమ్ము ఉంది. అమెరికాలోని నెవాడా రాష్ట్రం జూదాన్ని 1931లో చట్టబద్ధం చేసింది, కానీ దాని మీద కన్నేసి ఉంచడానికి గేమింగ్ కంట్రోల్ బోర్డు 1955లో, దానిపైన గేమింగ్ కమిషన్ 1959లో వచ్చాయి. ఆ మధ్యకాలంలో, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు లాస్ వేగాస్‌లో స్కిమ్మింగ్ అనే మాట మామూలైపోయింది. పాల మీద మీగడ తీసినట్టు, డబ్బు లెక్కల్లోకి ఎక్కకముందే పైపైన కొంత తీసేయడం అన్నమాట. లెక్కలో పడ్డాక దొంగిలిస్తే ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది, లెక్కలో పడకముందే తీసేస్తే పోయిందని చెప్పే కాగితమే ఉండదు.

స్టార్‌డస్ట్ క్యాసినో మీద 1976లో బోర్డు ఏజెంట్లు చేసిన దాడి ఈ విషయంలో పాఠం లాంటిది. అప్పట్లో స్లాట్ మెషీన్లు నాణేలతో నడిచేవి, లక్షల నాణేల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు కాబట్టి తూకం వేసి విలువ కట్టేవాళ్ళు. ఆ కాటాను అసలు బరువుకంటే తక్కువ చూపేలా మార్చారు. తగ్గిన మేరకు మిగిలిన నాణేలు ఫ్లోర్ మీద చిల్లర ఇచ్చే బూత్‌లకు వెళ్ళేవి, అక్కడ ఆటగాళ్ళు నోట్లిచ్చి ఆ నాణేలే కొనుక్కునేవాళ్ళు, ఆ నోట్లు ఏ లెక్కలోనూ లేకుండా బయటికి వెళ్ళేవి. అలా పోయింది 70 లక్షల డాలర్లకు తగ్గదని అంచనా. సొమ్ము చేరింది మాఫియా కుటుంబాలకు, 1980ల్లో కాన్సాస్ సిటీ కోర్టులో నడిచిన కేసుల్లో వాళ్ళ పెద్దలకు జైలు శిక్షలు పడ్డాయి.

ఇక్కడ గమనించాల్సింది, దొంగ బయటివాడు కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇక్కడ ఇంటి యజమాని వైపు మనుషులే దొంగలు. కాటా ఎవరిది, గది ఎవరిది, లెక్కించేవాడికి జీతమిచ్చేదెవరు? అందుకే క్యాసినో నియమాల్ని కంపెనీల ఇష్టానికి వదిలేయలేదు. నెవాడాలో పెద్ద క్యాసినోల పైశ్రేణి గెలుపు మీద ప్రభుత్వం తీసుకునేది 6.75 శాతం. ఆ గెలుపు అంకె ఎలా పుడుతుందో ప్రభుత్వానికి పట్టింపు ఉంటుంది మరి. మామూలు వ్యాపారాల్లో ప్రభుత్వం తాళంచెవి ఎవరి దగ్గరుండాలో, లెక్కింపు గదిలో ఎందరుండాలో నియమం రాయదు. ఇక్కడ కనీస అంతర్గత నియంత్రణ ప్రమాణాలని పేరుపెట్టి చీటీలో ఏ గడి ఎవరు నింపాలో కూడా రాసింది.

శాతాలు చెప్పేవి, చెప్పనివి

చీటీలూ తాళాలూ అన్నీ సరిగ్గా ఉన్నా కుమ్మక్కైన నలుగురు వాటిని దాటగలరు. అప్పుడు మిగిలే ఆయుధం గణితం. రూలెట్ చక్రంలో రెండు సున్నాలుంటే దాదాపు ప్రతి పందెంలో క్యాసినోకి సగటున మిగిలేది 5.26 శాతం, ఒకే సున్నా అయితే 2.70 శాతం. బకరా అనే పేకాటలో బ్యాంకర్, ప్లేయర్ అని రెండు వైపులుంటాయి, ఏది గెలుస్తుందో కాస్తారు. అందులో బ్యాంకర్ వైపు 1.06, ప్లేయర్ వైపు 1.24. ఇవి ఎవరి దయా అక్కర్లేని అంకెలు. దీర్ఘకాలంలో ఏ టేబుల్ అయినా వీటి దగ్గరికి రావాల్సిందే.

కానీ క్యాసినో రిపోర్టుల్లో కనపడే హోల్డ్ శాతం ఇది కాదు, చాలామంది ఇక్కడ పొరబడతారు. హోల్డ్ అంటే పెట్టెలో పడ్డ డబ్బులో ఎంత శాతం మిగిలిందన్నది. పై ఉదాహరణలో 60,000లో 12,000, అంటే 20 శాతం. చక్రం 5.26 శాతమే తీసుకుంటే 20 ఎలా వచ్చింది? ఆటగాడు వంద డాలర్లతో కూర్చుని ఆ వందనే నాలుగైదు సార్లు తిప్పి కాస్తాడు కాబట్టి. గెలిచింది మళ్ళీ కాస్తాడు, తిప్పిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. కాబట్టి హోల్డ్‌లో ఆట అంకె ఒక్కటే కాదు, ఆటగాళ్ళు ఎంతసేపు కూర్చున్నారన్నది కూడా కలిసిపోయి ఉంటుంది. హోల్డ్ పడిపోయిందంటే డీలర్ చేతివాటం కావచ్చు, పెద్ద ఆటగాడొకడు గెలిచి లేచిపోయి ఉండొచ్చు, జనం తొందరగా వెళ్ళిపోయి ఉండొచ్చు.

అందుకే తెలివైన ఆడిటర్ ఒక రోజు అంకె చూసి ఎగరడు. అదే టేబుల్, అదే షిఫ్టు, అదే ఆట నెలల తరబడి ఎలా ఉందో చూస్తాడు. రాత్రి షిఫ్టులో ఒక మూల టేబుల్ వరుసగా మూడు నెలలు కింద ఉంటే, ఫలానా ఇద్దరు డ్యూటీలో ఉన్న రోజుల్లోనే కింద ఉంటే, అప్పుడు వీడియో తీయమంటాడు. గణితం దొంగను చూపించదు, కెమెరాను ఎటు తిప్పాలో చెబుతుంది. వేల గంటల రికార్డింగులో ఏది చూడాలో తెలియకపోతే కెమెరా ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. బకరా అయితే మరీ తలనొప్పి. పందేలు పెద్దవి, ఆటగాళ్ళు కొద్దిమంది, ఒకే మనిషి అదృష్టం నెల మొత్తాన్ని తలకిందులు చేస్తుంది. అందుకే దొంగతనం దాక్కోవడానికి కూడా అది అనువైన చోటు.

స్లాట్ మెషీన్లు ఈ విషయంలో చాలా నయం. అక్కడ బిల్లు ఉంది! ఎంత కాశారో, ఎంత ఇచ్చిందో, ఎన్ని నోట్లు మింగిందో, ఆటగాడికి మిగిలిన సొమ్ముకు ఎన్ని టికెట్లు ముద్రించిందో మీటర్లలో నిలిచి ఉంటుంది. మెషీన్ లోపలి పెట్టెలోని నగదు మీటర్‌తో సరిపోవాలి, కేజ్‌లో నగదుగా మారిన టికెట్లు ముద్రించిన టికెట్లతో సరిపోవాలి. ఆటగాడికి తిరిగి వెళ్ళే వాటా చట్టం చెప్పినదానికి తగ్గకూడదు, నెవాడాలో 75 శాతం, న్యూజెర్సీలో 83 శాతం. మెషీన్‌లోని ప్రోగ్రామ్ ల్యాబ్‌లో పరీక్ష పాసైందేనా అని చూడటానికి దాని డిజిటల్ ముద్రను ఆమోదించిన ముద్రతో పోలుస్తారు.

ఆ పోల్చేవాడే దొంగయితే? నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డులోనే ఎలక్ట్రానిక్స్ పని చేసిన రాన్ హారిస్ చేసింది అదే. మెషీన్లలోని కంప్యూటర్ చిప్‌లు అసలైనవో కాదో తనిఖీ చేయడం అతని ఉద్యోగం, తనిఖీ చేసే పరికరంలోనే తన కోడ్ పెట్టాడు. తనిఖీ జరిగిన మెషీన్‌లో నాణేలు ఒక ప్రత్యేకమైన వరుసలో వేస్తే డబ్బు కక్కేది. కంచే చేను మేయడమంటే ఇంతకంటే ఏముంటుంది. అతను దొరికింది తనిఖీల వల్ల కూడా కాదు. 1995 జనవరిలో అట్లాంటిక్ సిటీలో అతని మనిషి అంకెలు ఎంచుకుని కాసే కెనో ఆటలో లక్ష డాలర్లు గెలిచి, అంత గెలిచినవాడిలో ఉండాల్సిన సంబరం ఏమాత్రం లేకుండా డబ్బు అడగడంతో సిబ్బందికి అనుమానం వచ్చింది. ముఖం పట్టించింది, లెక్క కాదు.

పహారా ఎవరికి జవాబు చెప్పాలి

కెమెరాల గది ఫ్లోర్ మేనేజర్ కింద ఉండకూడదన్నది ఈ రంగంలో గట్టి నియమం. తను చూడాల్సిన మనిషే తన జీతం పెంచేవాడైతే కెమెరా పక్కకు తిరుగుతుంది. ఇంటర్నల్ ఆడిటర్ కూడా క్యాసినో నడిపేవాడికి కాకుండా కంపెనీ డైరెక్టర్ల బోర్డులోని ఆడిట్ కమిటీకి జవాబు చెప్పాలి. ఆ పైన బయటి అకౌంటింగ్ సంస్థ ఏటా చూస్తుంది, ఆ పైన ప్రభుత్వ తనిఖీ మనుషులు చెప్పాపెట్టకుండా వస్తారు. ఇంకా ఉద్యోగుల లైసెన్సులు, లోపలికి రాకూడనివాళ్ళ జాబితాలు ఉంటాయి. నెవాడాలో జనం బ్లాక్ బుక్ అనే జాబితా 1960లోనే మొదలైంది. కాగితం మీద చూస్తే బ్యాంకులకు కూడా ఇంత పహారా ఉండదేమో అనిపిస్తుంది.

ఇదంతా బాగా పనిచేస్తుందనడానికి పెద్ద కారణం, పనిచేయకపోతే నష్టపోయేది యజమాని. మాఫియాల కాలం పోయి స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలు వచ్చాక చిప్ పోయినా నోటు పోయినా అది కంపెనీ లాభం లోంచే పోతుంది. కాబట్టి నియమం కంటే ఒక అడుగు ముందుకే వేస్తారు. పదివేల కెమెరాలు పెట్టమన్నా పెడతారు.

డబ్బు ఎక్కడిదని అడగడం

ఇప్పుడు అదే యజమానికి ఇంకో పని చెప్పారు. వచ్చిన ఆటగాడి డబ్బు ఎక్కడిదో కనుక్కో, అనుమానం ఉంటే ప్రభుత్వానికి చెప్పు, అవసరమైతే వెనక్కి పంపించు. అంటే నీ అత్యంత లాభసాటి కస్టమర్‌ని నువ్వే తరిమెయ్ అని.

అమెరికాలో బ్యాంకు రహస్య చట్టం 1970లో వచ్చింది, 1985లో క్యాసినోల్ని కూడా దానిలోకి తెచ్చారు. ఒక రోజులో ఒక మనిషి నగదు లావాదేవీ 10,000 డాలర్లు దాటితే రిపోర్టు పంపాలి, అనుమానాస్పదంగా ఉంటే 5,000 నుంచే వేరే రిపోర్టు పంపాలి. అంతర్జాతీయంగా మనీ లాండరింగ్ మీద ప్రమాణాలు పెట్టే ఎఫ్ఏటీఎఫ్ 3,000 డాలర్లు లేదా యూరోలు దాటిన లావాదేవీల్లో ఆటగాడెవరో రూఢి చేసుకోమంటుంది. 10,000 దాటకుండా 9,000 చొప్పున విడగొట్టి తెచ్చేవాళ్ళని పట్టడానికి కేజ్‌లో, పిట్‌లో చిన్న మొత్తాల్ని కూడా ఒక పట్టీలో రాసి కూడుతూ పోతారు. పేరు తెలియకపోతే ఎర్ర చొక్కా, గడ్డం, కుడిచేతికి గడియారం అని గుర్తులు రాస్తారు.

దొంగడబ్బును ఇక్కడ కడగడంలో పెద్ద మాయేమీ లేదు. నోట్లిచ్చి చిప్స్ తీసుకో, కాసేపు తిరుగు, పదో పరకో ఆడు, చిప్స్ వెనక్కిచ్చి చెక్కు తీసుకో. ఎవరడిగినా క్యాసినోలో గెలిచానని చెప్పుకోవచ్చు. స్లాట్ మెషీన్‌లో నోట్లు కుక్కి, ఒకట్రెండు సార్లు నొక్కి, టికెట్ తీసుకుని నగదు చేసుకుంటే చిన్న నోట్లు పెద్ద నోట్లవుతాయి. ఇంకొంచెం ఆలోచించేవాళ్ళు ఇద్దరు వచ్చి బకరాలో ఒకడు బ్యాంకర్ మీద, ఇంకొకడు ప్లేయర్ మీద సమానంగా కాస్తారు. ఒకడికి పోయింది ఇంకొకడికి వస్తుంది, బ్యాంకర్ గెలిచినప్పుడు కోసే కమీషన్ మాత్రమే ఖర్చు. కడిగినందుకు ఇచ్చే కూలి అనుకుంటే చాలా చవక.

వీటిలో ఏదీ పట్టుకోలేనిది కాదు. ఎంత తెచ్చాడు, ఎంత ఆడాడు, ఎంత తీసుకెళ్ళాడు అని మూడు అంకెలు పక్కన పెడితే చాలు. డీలర్ చేతివాటం కనిపెట్టడానికి మూడు నెలల హోల్డ్ శాతాల్ని జల్లెడపట్టే సంస్థకు ఇది చేతకాదంటే నమ్మలేం. నిజంగా అడ్డుపడేది జీతాల అమరిక. పెద్ద ఆటగాళ్ళని తీసుకొచ్చే హోస్టులకు వాళ్ళు ఆడినదాన్ని బట్టి బోనస్ వస్తుంది. ఆ ఆటగాడి గురించి ప్రశ్న వేసే కంప్లయన్స్ మనిషికి, అంటే నియమాలు పాటిస్తున్నారా అని చూసేవాడికి, బోనస్ రాదు సరికదా, నెలాఖరు టార్గెట్ పాడుచేశాడన్న పేరొస్తుంది. మీటింగులో ఎవరి మాట నెగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

ఉదాహరణలకు కొదవ లేదు. లాస్ వేగాస్ శాండ్స్ అనే క్యాసినో కంపెనీ ఒక పెద్ద ఆటగాడి డబ్బు విషయంలో అనుమానాల్ని సరిగ్గా రిపోర్టు చేయనందుకు 2013లో 4.74 కోట్ల డాలర్లు కట్టి కేసు ముగించుకుంది. ఎంజీఎం గ్రాండ్ క్యాసినో ప్రెసిడెంట్‌గా పనిచేసిన స్కాట్ సిబెల్లా, అక్రమంగా పందేలు నడిపే వ్యక్తి అక్కడ ఆడుతుంటే రిపోర్టు చేయలేదని 2024లో కోర్టులో ఒప్పుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో విన్ లాస్ వేగాస్ క్యాసినో 13 కోట్ల డాలర్లు ప్రభుత్వానికి వదులుకోవడానికి ఒప్పుకుంది. ఆ కేసులో బయటపడ్డ పద్ధతుల పేర్లే విచిత్రంగా ఉంటాయి. ఒకటి ఎగిరే డబ్బు. విదేశీ ఆటగాడికి ఇక్కడ ఎవరో నగదు తెచ్చిస్తారు, అతను అంత మొత్తం తన దేశంలో వాళ్ళ ఖాతాకు పంపిస్తాడు, సరిహద్దు దాటి డబ్బు కదిలినట్టే ఉండదు. ఇంకొకటి మనిషి తల. టేబుల్ దగ్గర కూర్చునేదీ, రికార్డులో పేరుండేదీ ఒకడు, వెనక నిలబడి ఆడించేది తన పేరు మీద ఆడటానికి వీల్లేని ఇంకొకడు. దీన్ని నిఘా గది పసిగట్టలేదంటే ఎవరు నమ్ముతారు?

నియమమే లేని చోట సంగతి చెప్పక్కర్లేదు. 2016 ఫిబ్రవరిలో హ్యాకర్లు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు లాగబోయి 8.1 కోట్లు మనీలాకు చేర్చగలిగారు. అందులో చాలా భాగం అక్కడి క్యాసినోల్లోకి వెళ్ళింది. బ్యాంకులో ఉన్నంతవరకు డబ్బు జాడ స్పష్టంగా ఉంది, చిప్స్‌గా మారాక చెదిరిపోయింది. అప్పటికి ఫిలిప్పీన్స్ మనీ లాండరింగ్ చట్టం క్యాసినోలకు వర్తించేదే కాదు, 2017లో సవరించి చేర్చారు.

ఒక్క వరుసగా కలిపేస్తే

ఆడిట్ దృష్టితో చూస్తే అన్నిటికంటే ఆసక్తికరమైనది ఆస్ట్రేలియాలోని క్రౌన్ అనే క్యాసినో కంపెనీ సంగతి. అక్కడ చీటీలున్నాయి, సాఫ్ట్‌వేర్ ఉంది, మనీ లాండరింగ్ విభాగం ఉంది. పెద్ద ఆటగాళ్ళు డబ్బు వేయడానికి సౌత్‌బ్యాంక్, రివర్‌బ్యాంక్ అనే రెండు అనుబంధ కంపెనీల పేర బ్యాంకు ఖాతాలుండేవి. ఒకే రోజు వేర్వేరు బ్రాంచీల్లో 10,000 ఆస్ట్రేలియన్ డాలర్లు దాటకుండా చిన్న చిన్న నగదు డిపాజిట్లు పడేవి, ఎవరు చూసినా ముక్కలు చేసి వేస్తున్నారని తెలిసేలా. బ్యాంకులు ప్రశ్నలు వేశాయి, కొన్ని ఖాతాలు మూసేశాయి కూడా. క్రౌన్‌లో కేజ్ సిబ్బంది ఆ ముక్కలన్నీ కలిపి ఆటగాడి ఖాతాలో ఒకే ఎంట్రీగా ఎక్కించేవాళ్ళు. మనీ లాండరింగ్ విభాగం చూసేది ఆ ఖాతానే, బ్యాంకు స్టేట్‌మెంట్ కాదు. వాళ్ళకు కనపడేది ఒక పెద్ద, శుభ్రమైన అంకె. గుమాస్తాకి పని తగ్గింది, అనుమానించాల్సిన ఆకారం చెరిగిపోయింది. పక్కనే ఫిల్ చీటీలో నెంబరు ఒకటి తప్పితే మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగే సంస్థలో ఇది ఏళ్ళ తరబడి నడిచింది.

న్యూసౌత్‌వేల్స్‌లో బెర్గిన్ విచారణ 2021లో క్రౌన్ లైసెన్సుకు తగదని తేల్చింది, అదే ఏడాది విక్టోరియా రాయల్ కమిషన్ కూడా మెల్‌బోర్న్ క్యాసినో విషయంలో అదే మాట చెప్పింది, 2023లో కోర్టు 45 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానాను ఆమోదించింది. పోటీ కంపెనీ స్టార్ కథ ఇంకో రకం. చైనా యూనియన్‌పే కార్డుల మీద జూదం నిషేధం కాబట్టి దాదాపు 90 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల లావాదేవీల్ని హోటల్ ఖర్చులుగా చూపించారు, బ్యాంకు అడిగితే అదే జవాబిచ్చారు. అంటే ఒక్కసారి బిల్లు పుట్టింది, అదీ అబద్ధపు బిల్లు.

ఈ విచారణల తర్వాత నియమాలు మొదటి సమస్య దగ్గరికే తిరిగొచ్చాయి, అసలు పందేనికే రికార్డు ఉండాలని. మెల్‌బోర్న్ క్రౌన్‌లో 2023 చివరి నుంచి స్లాట్ మెషీన్ ఆడాలంటే పేరున్న కార్డు పెట్టాల్సిందే. సిడ్నీ స్టార్‌లో 2024 అక్టోబరులో కార్డు తప్పనిసరి అయింది, రోజుకు వాడే నగదుకు పరిమితి వచ్చింది. ఎవరు ఎంత తెచ్చారు, ఎంత ఆడారు, ఎంత పట్టుకెళ్ళారన్నది ఇక ఎర్ర చొక్కా, గడ్డం గుర్తులతో రాసుకోనక్కర్లేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆదాయం పడిపోయిందని, కార్డు అడగడం కూడా అందుకు ఒక కారణమని స్టార్ స్వయంగా స్టాక్ మార్కెట్‌కు తెలియజేసింది.